నలభై రోజుల చప్పిడి

పటమట, విజయవాడ
17–2–2025

అన్నయ్యకి రూతు రాసేది,

ఎలా ఉన్నావని అడగను. మీ పక్కింటి మరియదాసు మా ఆరోన్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాడు. కూచిపూడి సెంటర్లో సైకిలు మీద నుంచి పడ్డావట. ఆస్పత్రిలో చూస్తే బీపీ నూటతొంభై ఉందట. ఉప్పు తగ్గించమంటే, "ఉప్పు లేకుండా తినడానికి నేనేమన్నా గేదెనా" అని డాక్టరమ్మతో అన్నావట. ఆ అమ్మాయి నవ్విందట. నాకు నవ్వు రాలేదు.

నీ చెవులు పోయి నాలుగేళ్ళయింది. మిషను పెట్టుకోమంటే పెట్టుకోవు. ఫోన్లో అరిచి అరిచి నా గొంతు పోవడమే తప్ప నీకు చేరేదేమీ లేదు. అందుకే ఈ కాగితాలు. రాసినదాన్ని వినపడలేదని తప్పించుకోలేవు.

వదిన పోయాక నువ్వేం తింటున్నావో నాకు తెలీదు. పిల్లలు లేరు. అడగడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. హాస్టల్లో ముప్పై ఒక్క ఏళ్ళు రెండొందల మంది ఆడపిల్లలకి వండిపెట్టాను. ఎవరు తింటున్నారో, ఎవరు పారేస్తున్నారో కంచం చూసి చెప్పేదాన్ని. నీ కంచం ఇక్కడి నుంచి కనపడదు. కాబట్టి పొద్దున ఏం తిన్నావు, మధ్యాహ్నం ఏం తిన్నావు, రాత్రి ఏం తిన్నావు, దాచకుండా రాయి.

నాకూ బీపీ ఉందిగా. జనవరిలో డాక్టరుగారు బిళ్ళ మార్చారు. బాత్రూంకి ఎక్కువసార్లు లేవాల్సి వస్తోంది. అంతకన్నా ఇబ్బంది లేదు.

ఇక్కడ అందరూ బాగున్నారు. ఆరోన్ పొద్దున ఎనిమిదింటికి గవర్నర్‌పేట షాపుకి వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే. కోడలు శాలినికి స్కూల్లో పరీక్షల పని. మనవరాలు కీర్తన ఎనిమిదో తరగతి. వంట శాలినే చేస్తుంది. నన్ను ఏ పనీ ముట్టుకోనివ్వరు. కూర్చుంటున్నాను.

నీ చెల్లెలు
రూతు


కూచిపూడి దగ్గర, మన ఊరు
23–2–2025

రూతమ్మా,

నీ కేకలన్నీ అందాయి.

ముందు ఒక సంగతి. నేను సైకిలు మీద నుంచి పడలేదు. సైకిలు దిగి, స్టాండు వేసి, అప్పుడు పడ్డాను. మరియదాసుకి ఆ తేడా తెలీదు. ముప్పై నాలుగేళ్ళు లైన్‌మాన్‌గా స్తంభాలెక్కి ఒక్కసారి కూడా పడనివాణ్ణి, సైకిలు మీద నుంచి పడతానా?

అడిగావు కాబట్టి రాస్తున్నాను. పొద్దున టీ, నాలుగు బిస్కెట్లు. మధ్యాహ్నం అన్నం, పచ్చిపులుసు. ఓపికుంటే గుడ్డు వేయించుకుంటాను. రాత్రికి ఆ అన్నమే, మజ్జిగ. మరియదాసు బందరు వైపు వెళ్తే ఉప్పుచేప తెస్తాడు. అది ఉన్న రోజు నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి.

కూరలు ఎందుకు వండుకోవంటావు. అరకిలో వంకాయలు తెస్తే నాకు రెండు చాలు. మిగతావి మూడో రోజుకి మెత్తబడతాయి. మొదట్లో మీ వదిన వండినట్టే కుండ నిండా వండేవాణ్ణి. మూడు రోజులు అదే కూర తినేవాణ్ణి. అది చూస్తే విసుగు పుట్టి మానేశాను. పైగా పై పళ్ళ సెట్టు వదులైంది. మాంసం ముక్క కొరికితే ముక్క ఉండిపోయి పళ్ళు బయటికొస్తున్నాయి. నలుగురిలో తినలేను, ఇంట్లో తినడానికి నలుగురు లేరు. అదొక సుఖం.

ఉప్పు మాత్రం అడగొద్దు. ఈ తిండిలోంచి ఉప్పు కూడా తీసేస్తే ఇంకేం మిగులుతుంది? చెప్పడం తేలికే. నువ్వు మానగలవా? నువ్వు మానితే నేనూ మానతాను, పో.

ఇట్లు
జీవరత్నం


పటమట
1–3–2025

అన్నయ్యకి,

సరే. ఒప్పుకున్నాను.

వచ్చే బుధవారం భస్మ బుధవారం, శ్రమల దినాలు మొదలు. ఏటా ఆ రోజుల్లో నేను కాఫీ మానతాను. ఈసారి ఉప్పు. నువ్వూ నేనూ, ఈస్టరు దాకా నలభై రోజులు. కూరలో లేదు, చారులో లేదు, మజ్జిగలో లేదు. ఉప్పుచేప లేదు, అప్పడం లేదు. ఆదివారాలు లెక్కలోకి రావు కదా అని మొదలుపెట్టకు, ఆదివారాలూ అంతే.

ఆరోన్‌కి చెప్తే, "డాక్టరమ్మ తగ్గించమంది గానీ మానెయ్యమనలేదుగా అమ్మా" అన్నాడు. మీ మావయ్యకి తగ్గించడం చేతకాదురా, మానడమైతే మానగలడు అన్నాను. మన నాన్న చుట్ట అలాగే మానాడు గదా, ఒక్క పొద్దుటితో.

నువ్వు చెయ్యాల్సింది రాస్తున్నాను. కూరలో నిమ్మకాయ పిండుకో. మిరియాల పొడి, కొత్తిమీర బాగా వేసుకో. వంకాయలు లెక్కపెట్టి నాలుగే అడుగు, ఇవ్వకపోతే మరియదాసుతో కలిసి కొనుక్కుని పంచుకోండి. రోజూ ఒక గుడ్డు. పళ్ళ సెట్టు సరిచేయించుకునేదాకా పప్పు, మెత్తటి చేప ఉడికించుకుని తిను. టీ బిస్కెట్లు తిండి కావు. హాస్టల్లో ఏ పిల్లన్నా అలా తింటే వార్డెనమ్మ దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని.

శాలినిని నా కూర ఉప్పు వెయ్యకుండా విడిగా తీసిపెట్టమన్నాను. "ఇప్పుడెందుకత్తయ్యా?" అంది. నియమం అన్నాను.

మాట మాటే.

రూతు


మన ఊరు
12–3–2025

రూతమ్మకి,

ఇవాళ్టికి వారం. ఉప్పు ముట్టలేదు.

మొదటి రెండు రోజులూ అన్నం తింటే నూకలు నానబెట్టి తిన్నట్టుంది. మూడో రోజుకి నాలుక ఊరుకుంది. నిన్న సొరకాయ తరిగి పాలు పోసి వండాను. ఉప్పు లేదన్న సంగతే తెలీలేదు. మొన్న పప్పులో నిమ్మకాయ. మరియదాసు ఉప్పుచేప పట్టుకుని గుమ్మంలో నిలబడితే వెనక్కి పంపించాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదట. మాట్లాడినా నాకు వినపడదు కాబట్టి నాకు తేడా తెలీలేదు. వాళ్ళావిడ చెయ్యి తిప్పి చెప్పింది.

మొన్న గాలివానకి మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. కరెంటాఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. నిచ్చెన వేసే పద్ధతి చూసి నాకే ఒళ్ళు మండి వెళ్ళి పట్టుకున్నాను. "పెద్దాయనా, మీరు పక్కకి రండి" అని చేత్తో సైగ చేశారు. పక్కకి వచ్చాను.

బీపీ చూపించుకున్నాను. నూటయాభై ఎనిమిది. డాక్టరమ్మ భుజం తట్టింది.

నువ్వు నిలబడ్డావా? చిన్నప్పుడు ఏ పందెంలోనైనా ముందు ఏడ్చేదానివి నువ్వే. కష్టంగా ఉంటే మొహమాటపడకు. ఒక్క ముక్క రాయి, ఇద్దరం కలిసే ఆపేద్దాం. దేవుడేమీ అనుకోడు.

అన్నయ్య


పటమట
20–3–2025

అన్నయ్యకి,

నేనెందుకు ఆపుతాను? నువ్వు ఒంటరిగా పొయ్యి దగ్గర నిలబడి వండుకుని మరీ మానేశావు. నా పని నీ అంత కష్టం కూడా కాదు.

పాలు పోసిన సొరకాయ మన అమ్మ చేసేది. నీకు ఇప్పటిదాకా గుర్తుండటం వింతే.

నేను పొద్దున టీ, రెండు తీపి రస్కులు. మధ్యాహ్నం అన్నం గదిలోకే వస్తుంది. రెండు ముద్దలు. రాత్రి టీ, రస్కు. అంతకన్నా నాకు అవసరం లేదు, వాళ్ళకీ తీరిక లేదు. ఎండలు ముదిరాయి కాబట్టి నీళ్ళు మాత్రం బిందెడు తాగుతున్నాను. జాకెట్లన్నీ వదులయ్యాయి. ఆదివారం గుళ్ళో అమలమ్మ చూసి, "ఏమిటక్కా, పెళ్ళికూతురిలా సన్నబడ్డావు" అంది.

మొన్న శాలిని పెరుగన్నం కలిపి తెచ్చింది. ఉప్పు వేశావా అన్నాను. "చిటికెడే వేశానత్తయ్యా, అసలు లేకపోతే ఎలా తింటారు?" అంది. అక్కడ మా అన్నయ్య వండిపెట్టే దిక్కు లేక కూడా మానేశాడు, వండిపెట్టేవాళ్ళుండి నేను మానలేనా అన్నాను. గిన్నె తీసుకెళ్ళిపోయింది. కోపమొచ్చిందో ఏమిటో. ఇప్పటివాళ్ళ మొహాలు చూసి చెప్పలేం.

సాయంత్రాలు కాస్త తల దిమ్ముగా ఉంటోంది. ఉపవాసం ఉంటే అలాగే ఉంటుందిగా. తేలిగ్గా, శుభ్రంగా ఉంది ఒళ్ళు.

నీ బీపీ కాగితం ఈసారి కవర్లో పెట్టి పంపు. కీర్తన చేత చదివించుకుంటాను.

రూతు


(పోస్టుకార్డు)
మన ఊరు
25–3–2025

రూతమ్మా, నీ ఉత్తరం చదివాక అన్నం దిగలేదు. నీకు రెండు ముద్దలే పెడుతున్నారా? గదిలో ఉంచి టీ రస్కులతో సరిపెడుతున్నారా? తీరిక లేకపోవడం ఏమిటి? ఉద్యోగం ఉంటే అత్తకి అన్నం పెట్టకూడదా? ఆరోన్‌ని ఒకసారి వచ్చి నాకు కనపడమను. కోడలు సరిగ్గా చూడకపోతే పెట్టె సర్దుకుని ఇక్కడికి వచ్చెయ్యి. కవరు దొరకలేదు, అందుకని కార్డు. — జీవరత్నం


పటమట
31–3–2025

అన్నయ్యకి,

కార్డు మీద రాసింది ఎవరైనా చదవొచ్చని నీకు తోచలేదా?

శనివారం నేను పడుకుని ఉంటే శాలిని గేటు దగ్గర అందుకుంది. నేను లేచేసరికి నా బల్ల మీద పెట్టి ఉంది, రాత ఉన్న వైపు పైకి. "మావయ్యగారికి సమాధానం రాయండత్తయ్యా" అంది. అంతే. గొంతు కూడా పెంచలేదు.

ఆరోన్ వచ్చాక నా గదిలో నిలబడ్డాడు. "అమ్మా, నీకు ఇక్కడ ఏం తక్కువైంది?" అన్నాడు. ఏమీ తక్కువ కాలేదురా అన్నాను. "మరి మావయ్యకి అలా ఎందుకు రాశావు?" నేను అలా రాయలేదు, ఆయన అలా చదువుకున్నాడు అన్నాను. వాడు నమ్మలేదు. నేను అలిగానని, అలిగి తిండి మానేశానని వాళ్ళ లెక్క.

అప్పటి నుంచి శాలిని కంచం తెచ్చి పెడుతుంది, గంట తర్వాత వచ్చి తీసుకెళ్తుంది. తిన్నానో లేదో చూడదు. ఇంతకుముందు, "ఇంకొంచెం, అత్తయ్యా" అనేది. ఇప్పుడు అనదు. నాకు అన్నం వాసన పడటం లేదు. టీ ఒక్కటే దిగుతోంది.

ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడు రోజులైంది. రాసింది ఎక్కడి దాకా రాశానో చూసుకోవాల్సి వస్తోంది. నిన్న కీర్తన, "నానమ్మా, ఈ మాట ఇప్పుడే చెప్పావు" అంది. కాళ్ళు తిమ్మిరి. ఎండలు.

నువ్వు మాత్రం ఆపకు. ఈస్టరు ఇంకా ఇరవై రోజులు. నీ బీపీ కాగితం పంపలేదు.

రూతు


పటమట
7–4

అన్నయ్యా

ఈ ఆదివారం నేను రానని అమ్మకి చెప్పు. పిల్లలు సెలవులకి పోలేదు. రెండొందల మందీ ఇక్కడే ఉన్నారు. బియ్యం ఇంకా రాలేదు. నువ్వు స్తంభం దిగు వాన వచ్చేట్టుంది

శాలిని అని కొత్త టీచరమ్మ వచ్చింది. మంచి పిల్ల. నాతో మాట్లాడదు

నేను మాట తప్పలేదు అమ్మకి చెప్పు

అన్నం ఎవరు వడ్డిస్తారు
అన్నయ్యా అన్నం ఎవరు వడ్డిస్తారు


మన ఊరు
28–4–2025

రూతమ్మా,

ఊరు చేరి రెండు రోజులైంది. నువ్వు ఇంటికి వచ్చి మంచం దిగి నడుస్తున్నావు. ఇక ఈ ఉత్తరం రాయొచ్చనుకున్నాను. ఆస్పత్రిలో చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. నా గొంతు నాకు వినపడదు. మెల్లిగా చెప్పాననుకుంటాను, వార్డంతా తిరిగి చూస్తుంది. ఇది అందరిలో అరిచి చెప్పే మాట కాదు.

నీకు ఆ రోజు గుర్తులేదని శాలిని రాసి చూపించింది. కాబట్టి మొదటి నుంచీ రాస్తాను.

నీ ఏడో తారీకు ఉత్తరం గురువారం పొద్దున వచ్చింది. రెండుసార్లు చదివాను. అమ్మ పోయి ఇరవై ఆరేళ్ళు. చొక్కా మార్చుకోకుండా బస్సెక్కాను. పటమటలో దిగి మీ గేటు దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంట. అప్పుడే శాలిని ఒంటిపూట బడి అయిపోయి స్కూటీ మీద వచ్చింది. నన్ను చూసి ఆ అమ్మాయి మొహం బిగుసుకుంది. కార్డు సంగతి మర్చిపోలేదు. నేను ఉత్తరం ఆమె చేతిలో పెట్టాను. హెల్మెట్ తియ్యకుండానే చదివింది. చదివి గబగబా తాళం తీసింది.

నువ్వు వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నావు. ఇంట్లో ఉన్న ప్రతి గిన్నెలోనూ బియ్యం పోసి నీళ్ళు పోశావు. కుక్కరు, పాలగిన్నె, గ్లాసులు, కీర్తన టిఫిన్ డబ్బా, ఆఖరికి బకెట్టు కూడా. నన్ను చూసి ఏదో అన్నావు. నాకు వినపడలేదు. శాలిని తర్వాత కాగితం మీద రాసింది, "ఇంకా నూటఎనభై మందికి సరిపోదు" అన్నావట. లేపబోతే చేతుల్లోనే వాలిపోయావు.

ఆటోలో నీ తల ఆమె ఒళ్ళో, కాళ్ళు నా ఒళ్ళో. దారి పొడుగునా ఆ అమ్మాయి పెదాలు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థన చేస్తోందో, నిన్ను పిలుస్తోందో నాకు తెలీదు.

రక్తం తీసి చూసి, ఒంట్లో ఉప్పు పడిపోయింది అన్నారు. ఉండాల్సినదానికన్నా బాగా తక్కువట. ఒక్కసారిగా ఎక్కించకూడదట, మెల్లిగా చుక్క చుక్కగా ఎక్కించారు. నాలుగు రోజులు ఐసీయూ. మట్టల ఆదివారం నేను ఐసీయూ బయట కుర్చీలోనే ఉన్నాను. నీ బీపీ బిళ్ళ మూత్రంలో ఉప్పుని బయటికి పంపే రకమట. పైన తిండి లేదు, ఉప్పు లేదు, ఎండలకి బిందెడు నీళ్ళు. మూడూ కలిశాయి.

డాక్టరుగారు శాలినిని, "ఈవిడ రోజూ ఏం తింటారు?" అని అడిగారట. ఆ అమ్మాయి నా వైపు చూసింది. అప్పుడాయనా ఇటు తిరిగారు. నేను పేరు అడిగారనుకుని జీవరత్నం అన్నాను. ఆయన కాగితం తీసుకుని రాశారు. "ఉప్పు పూర్తిగా మానేశారా? ఎవరు చెప్పారు?"

నేను చదివాను. చదివి, "తెలీదండీ" అన్నాను. గట్టిగానే అన్నానేమో, ఆరోన్ కూడా విన్నాడు.

అది రెండో అబద్ధం. మొదటిది రాస్తున్నాను.

భస్మ బుధవారం మధ్యాహ్నం దాకా నేను ఉప్పు మానేశాను. సాయంత్రం మరియదాసు ఉప్పుచేప తెచ్చాడు. తిన్నాను. మర్నాడూ తిన్నాను. సొరకాయ పాలు నేను వండలేదు. బీపీ నూటయాభై ఎనిమిదికి దిగింది బిళ్ళల వల్ల. నేను అబద్ధం రాస్తే నువ్వూ అక్కడ ఏదో అబద్ధం రాస్తావనీ, ఈస్టరుకి ఇద్దరం నవ్వుకుంటామనీ అనుకున్నాను. ఏప్రిల్ నాలుగో తారీకున నిజం రాశాను. చదువుకుంటే సిగ్గేసి చింపేశాను. ఆ రోజే పోస్టు చేసి ఉంటే ఏడో తారీకుకి నీ చేతిలో ఉండేది.

నువ్వు మాట నిలబెట్టుకున్నావు. నేను నిన్ను అక్కడిదాకా తీసుకెళ్ళాను. క్షమించమని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

జీవరత్నం


మన ఊరు
8–5–2025

రూతమ్మా,

పది రోజులైంది. ఉత్తరం లేదు. అందలేదేమోనని పోస్టాఫీసుకి వెళ్ళి అడిగాను. వెళ్ళిందని చెప్పారు.

ఆరోన్‌కి నువ్వు చెప్పినా నేనేమీ అనుకోను. చెప్పడమే న్యాయం. మరియదాసు చేత ఫోన్ చేయించి నువ్వు బాగున్నావని తెలుసుకున్నాను. అంతవరకు చాలు.

జీవరత్నం


పటమట
15–5–2025

అన్నయ్యకి,

ఇన్నాళ్ళూ రాయనిది కోపంతో కాదు. చెయ్యి వణుకుతోంది. ఈ మాట నీకు ఇంతవరకూ చెప్పలేదు. ఇప్పుడు రోజుకి అరపేజీ రాస్తున్నాను, అందుకే ఆలస్యం. అక్షరాలు వంకరగా ఉంటే సరిపెట్టుకో.

నువ్వు ఉప్పు మానలేదని నాకు మార్చిలోనే తెలుసు. పన్నెండో తారీకు ఉత్తరం కింది మూల ఆవకాయ నూనె మరక ఉంది. పక్కన ఆవపిండి రేణువు కూడా అంటుకుని ఉంది. ఆ వేలితో కాగితం పట్టుకుని, ఉప్పు ముట్టలేదని రాశావు. నేను మరక చూసి నవ్వుకుని, కీర్తనకి కూడా చూపించాను.

కాబట్టి నీ అబద్ధం నమ్మి నేను ఇలా అయ్యానని బాధపడకు. అది నిజం కాదు. నిజం నేను చెప్తాను. ఇది ఆస్పత్రి నుంచి వచ్చాక శాలినికి ముందు చెప్పాను, నీకు రెండోసారి.

పోయిన జూన్‌లో నేను పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయాను. పక్కనున్న గుడ్డ అంటుకుంది. పెద్ద ప్రమాదమేం కాలేదు. ఆరోన్, "ఇక నువ్వు కూర్చో అమ్మా, చేసింది చాలు" అన్నాడు. మంచికే అన్నాడు. కూర్చున్నాను. ఆ తర్వాత ఈ ఇంట్లో ఏ పూట ఏం వండాలో నన్ను అడిగినవాళ్ళు లేరు. అడగాలని వాళ్ళకి తట్టలేదు, నేను చెప్పలేదు.

తర్వాత చెయ్యి వణకడం మొదలైంది. క్రిస్మస్‌కి అందరం బల్ల దగ్గర కూర్చుంటే చారు గరిటె నా చేతిలోంచి ఒలికి చీరంతా పడింది. కీర్తన నవ్వింది. చిన్నపిల్ల, నవ్వొచ్చింది, నవ్వింది. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి నా గదిలో తింటానన్నాను. అక్కడా ఒలుకుతూనే ఉండేది. తినడం తగ్గిస్తే ఒలకడం తగ్గింది. టీకి రస్కు ముంచుకుంటే అసలు ఒలకదు.

అప్పుడు నువ్వు పందెం అన్నావు. నాకు బాగా అనిపించింది. ఉప్పు మానేశాను అంటే ఎవరూ ఎదురు చెప్పలేరు. ఎందుకు తినడం లేదని అడగలేరు. ఇంట్లో అన్నీ ఎవరో ఒకరు నిర్ణయించి పెట్టేవే. ఇదొక్కటి నేను నిర్ణయించుకున్నది. నీ మరక చూశాక కూడా ఆపకపోవడానికి కారణం అదే. నీ కోసం కాదు. దేవుడి కోసం కూడా కాదు, ఆయన దగ్గర ఒప్పుకున్నాను.

శాలినికి చెప్పినప్పుడు ఆ అమ్మాయి మంచం మీద నా పక్కన కూర్చుంది. "నా వంట మీకు నచ్చక అలా చేస్తున్నారనుకున్నానత్తయ్యా. క్రిస్మస్ నుంచీ అదే అనుకుంటున్నాను" అంది. నీ వంటకేమమ్మా, కారం ఒక్కటే తక్కువ అన్నాను. "ఆ మాట అప్పుడే అనొచ్చుగా" అంది. తను ఏడవలేదు, నేనూ ఏడవలేదు. సాయంత్రం బజారుకి వెళ్ళి లోతు గిన్నె ఒకటి, పిడి లావుగా ఉన్న చెంచా ఒకటి తెచ్చింది. దాంతో పప్పు నోటిదాకా వస్తోంది. దారిలో పడేది పడుతుంది. బల్ల మీద పాత టవలు పరిచింది.

ఇప్పుడు బడికి సెలవులు. మధ్యాహ్నం కీర్తనతో కలిపి ముగ్గురం తింటున్నాం. పొద్దున్నే, "ఇవాళ ఏం చేద్దాం?" అని అడుగుతుంది. మొదటి రోజు ఏదో ఒకటి చెయ్యమ్మా అన్నాను. "ఏదో ఒకటి నాకు వండటం రాదు, పేరు చెప్పండి" అంది. తోటకూర పప్పు అన్నాను. మర్నాడు బొమ్మిడాల పులుసు. కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని చెప్తున్నాను, తను చేస్తోంది. రెండు కిలోలు పెరిగాను. బిళ్ళ మార్చారు. మామూలుగా అందరిలా ఉప్పు తినమన్నారు.

డాక్టరుగారి కాగితం సంగతి ఆరోన్‌కి చెప్పలేదు. చెప్పను. నువ్వు చెప్పాలనుకుంటే నీ ఇష్టం, కానీ వీధిలో నిలబడి చెప్పకు.

శాలినికి నువ్వు కార్డు గురించి ఏమీ అనలేదట. అను. ఆ అమ్మాయి ఎదురుచూస్తోంది. పైకి చెప్పదు.

ఇక నీ సంగతి. నువ్వు రాసిన తిండి నాకు ఇప్పుడు బాగా అర్థమవుతోంది. టీ, బిస్కెట్లు, పచ్చిపులుసు. నాకు జరిగినదే నీకు వేరే దారిలో జరుగుతోంది. పటమటలో పళ్ళ డాక్టరు దగ్గర శాలిని నీ పేరు రాయించింది. ఇరవై రెండో తారీకు గురువారం, సాయంత్రం నాలుగింటికి. పదింటి బస్సుకి బయల్దేరితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటావు. నీ కూరలో ఉప్పు తగ్గించి విడిగా తియ్యమని చెప్పాను. పెట్టె సర్దుకో, నెల రోజులు ఉండేట్టు రా. మరియదాసుకి తాళం ఇచ్చి రా.

నువ్వొస్తే బల్ల దగ్గర నలుగురం అవుతాం. ఆరోన్ కూడా ఆ రోజు అన్నానికి వస్తానన్నాడు, వాడితో ఐదుగురం.

ఇంట్లో ఏమీ తినకుండా రా.

రూతు